లోపలి గదుల బొమ్మలు

“వీధి గుమ్మం బార్లా తెరిచి ఉంటే, పెరటివైపు నుంచి వచ్చావేంటమ్మా?” అని బసవపున్నారావు నొచ్చుకున్నాడు.

“ఇటు దారి కనిపించిందండీ,” అంది అక్షయ, విప్పిన చెప్పులు చేత్తో పట్టుకుని.

హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే కంపెనీ నుంచి ఆయనకు రెండు రోజుల కిందట ఫోనొచ్చింది. ఆటలో నూజివీడు వైపు మామిడి పల్లె ఒకటి వస్తుందట. బొమ్మలు వేసే అమ్మాయిని పంపుతున్నాం, ఇల్లూ తోటా చూపించండి అన్నారు. మైలవరంలో వియ్యంకుడి మేడను కాదని తన మండువా ఇల్లు ఎంచుకున్నారన్న సంగతి ఆయన ఇప్పటికే వియ్యంకుడికి నాలుగుసార్లు ఫోన్ చేసి చెప్పాడు.

“ముందు తోట చూద్దాం పద. సిటీ పిల్లలకి మామిడి చెట్టుకి కాస్తుందో పాదుకి కాస్తుందో తెలీదు.”

“తోట వేసేశానండీ,” అంటూ అక్షయ పుస్తకం తెరిచింది.

చిక్కం కర్రతో కాయ దించుతున్న మనిషి, గంపలో వరిగడ్డి పరుస్తున్న ఆడవాళ్ళు, కొమ్మకు కట్టిన చీర ఉయ్యాల, పాక చూరులో దోపిన కొడవలి.

“ఔరా! ఈ ఇంటర్నెట్‌లో దొరకనిది లేదన్నమాట!”

“తోటతో ఇబ్బంది లేదండీ, ఇంటి లోపలే. ఊహించి వేస్తే మా డైరెక్టర్ రెండుసార్లు తిప్పి పంపారు. ఇవాళా కుదరకపోతే ఇక రావద్దన్నారు. మా ఇంట్లో ఉద్యోగమంటూ వచ్చింది నాకేనండీ.”

“రావద్దనడానికి వాళ్ళెవరు? నేనున్నాగా, పద!”

వసారాలో తోట కూలీ ఇన్నమ్మ కాయలు ఏరుతోంది.

“ఏమే ఇన్నమ్మా, గంప జరుపు. అమ్మాయిగారికి దారి!”

ఇన్నమ్మ తల ఎత్తలేదు. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని గంప జరిపింది.

“ఇంటి మధ్యలో కప్పు లేదేంటండీ?” లోపలికి రాగానే అడిగింది అక్షయ.

“మండువా అంటే అదేనమ్మా. వాన నేరుగా లోపలే పడుతుంది.”

“మరి తడవరా?”

“అక్కడెవరైనా పడుకుంటేగా తడవడానికి!”

“ఈ గదిలో ఎవరుంటారండీ?”

“ఎవరూ ఉండరు. ఆవకాయ జాడీలుంటాయి.”

అక్షయ ఆ గదిని నాలుగువైపులా చూసింది. అన్నిటికంటే ఎక్కువసేపు ఆ గది బొమ్మే వేసింది.

బసవపున్నారావు భార్య సత్యవతి ఆమెను ఉయ్యాల బల్ల మీద కూర్చోబెట్టి, వెండి గ్లాసులో కాఫీ ఇచ్చింది. “ఎంత ఒద్దికండీ! ఎవరి పెంపకమో,” అంది భర్తతో.

“పెద్ద కుటుంబంలే. చూస్తే తెలీట్లా?”

వేసిన బొమ్మలన్నీ అక్కడే సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీసి పంపింది అక్షయ. గంట తర్వాత డైరెక్టర్ ఫోన్ చేశాడు.

“పాసయ్యాయండీ!” అంది, కళ్ళు తుడుచుకుంటూ. “తెలియని సంస్కృతిని ఒక్క రోజులో ఇంత బాగా ఎలా పట్టుకున్నావన్నారు.”

“నేర్పింది ఎవరు మరి!” అని బసవపున్నారావు మీసం దువ్వాడు.

ఇంతలో వసారాలోంచి ఇన్నమ్మ కేకేసింది. “ఇంకా ఎంతసేపే? పొద్దుపోతంది, రావే!”

బసవపున్నారావుకి ఒళ్ళు మండిపోయింది. గబగబా బయటికొచ్చాడు.

“రావే ఏంటే, రావే! ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?”

“నా కూతురితోనండయ్యా.”