పొట్టి రింగులు

తుపాకీ పెట్టెని రిపేరు బల్ల మీద ధడేల్మని పడేసింది మేనకోడలు. బల్ల మీది మరలన్నీ ఎగిరిపడ్డాయి.

“చూడు మామయ్యా, మీ బావగారి పనితనం! పోటీలో నా పరువు మంటగలిసింది.”

మామయ్య పెట్టె తెరిచాడు. ఆ షాపులో తుపాకుల అమ్మకం బావది, రిపేరు తనది. అక్క బతికున్న రోజుల నుంచీ అదే ఒప్పందం. అక్క పోయాక కూడా ఒప్పందం మారలేదు, ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయంతే.

“ఏమైందే అమ్మడూ?”

“గురి బ్రహ్మాండంగా కుదిరింది. కాల్చాక బోల్టు పిడి వెనక్కి లాగితే తూటా ఖాళీ డొప్ప బయటికి ఎగరదే! లోపలే అడ్డంపడి కూర్చుంటుంది. దాన్ని వేలితో పీకేసరికి టైమైపోయింది. నాన్న ఈ స్కోపు పెట్టక ముందు ఎప్పుడైనా ఇలా అయ్యిందా? వచ్చే పోటీకైనా బాగుచెయ్యి.”

మామయ్య తుపాకీ చేతిలోకి తీసుకున్నాడో లేదో, సంగతి తెలిసిపోయింది. గురి చూసే దుర్భిణి, అదే స్కోపు, దాన్ని పట్టి ఉంచే రింగులు పొట్టివవడంతో మరీ కిందికి కూర్చుంది. గురి సరిచేయడానికి దాని పక్కనుండే నాబు సరిగ్గా డొప్ప బయటికొచ్చే దారికి అడ్డం. డొప్ప లేవడం, నాబుకి కొట్టుకోవడం, మళ్ళీ లోపలే పడటం. నిన్నగాక మొన్న ఈ వ్యాపారంలోకి వచ్చినవాడు చేసే తప్పు.

“బావా!” అని కేకేశాడు. “ఊరందరికీ స్కోపులు బిగించే మనిషివి, సొంత కూతురికి ఈ పొట్టి రింగులేంటి? అసలు మన షాపులో ఈ సైజే ఉండదు కదా. ఎక్కణ్ణుంచి ఏరుకొచ్చావు?”

బావ ముందు గదిలో బీరువా అద్దం తుడుస్తున్నాడు. ఏ బేరంలోనూ మాట పడని మనిషి.

“పొరపాటైపోయిందిరా,” అన్నాడు.

“పొరపాటా? కొనేవాడెవడైనా వింటే రేపట్నుంచి షట్టరు దించుకోవాలి మనం.”

“దించుకుందాంలే.”

“ఏడాదంతా పడ్డ కష్టం నాన్నా,” అంది అమ్మడు. “నీ వల్ల పోయింది.”

“అవునమ్మా. నా వల్లే.”

మామయ్యకి ఒళ్ళు మండింది. తప్పు చేసినవాడు కాసేపు వాదించాలి. ఇలా టోకున ఒప్పేసుకుంటే ఎదుటివాడు తిట్టుకోవడానికి ఏం మిగులుతుంది?

పనిలో పడ్డాడు. డొప్ప తగిలినచోట నల్లటి నాబు మీద ఇత్తడి గీత పడి ఉండాలి. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. గీత లేదు.

“నాబు తుడిచావా?”

“తుడిచే ఓపిక కూడానా! వచ్చిన కోపానికి అలాగే పెట్టెలో కుక్కి తెచ్చాను.”

ఖాళీ డొప్ప ఒకటి పెట్టి బోల్టు లాగాడు. డొప్ప టంగున నాబుకి కొట్టుకుని లోపలే పడింది. నాబు మీద పసుప్పచ్చటి గీత మెరిసింది. అదే మొదటి గీత.

పొట్టి రింగులు తీసేసి ఎత్తువి వేశాడు. మళ్ళీ లాగాడు. డొప్ప గాల్లోకి లేచి, అవతల గోడవారనున్న నూనె డబ్బాకి తగిలింది.

“అయిపోయింది! ఏదీ, ఇప్పుడు నువ్వు లాగు.”

అమ్మడు లాగింది. డొప్ప అంచు దాకా వచ్చి, ఓ పక్కకి వాలి, లోపలికి దొర్లింది.

“అంత సుతారంగా లాగితే ఎలాగే? ఈ పాత రకం తుపాకీకి మన చెయ్యే బలం. ఎంత జోరుగా లాగితే డొప్ప అంత దూరం పోతుంది.”

“జోరుగానే లాగుతున్నాను మామయ్యా!”

పళ్ళు బిగించి లాగింది. డొప్ప లోపలే ఉండిపోయింది.

బావ ఎప్పుడొచ్చాడో, వెనకే నిలబడి ఉన్నాడు. “స్ప్రింగు వీకై ఉంటుంది,” అన్నాడు గబగబా.

“దీనికి స్ప్రింగెక్కడిది బావా, దీనికుండేది...”

బావ మొహం చూసి ఆగిపోయాడు.

ఆ మొహం ఇదివరకు ఒకసారి చూశాడు. తడిబట్ట పిండలేక అక్క తనలో తనే నవ్వుకున్న రోజున. తర్వాత సీసా మూతలు రాలేదు. తర్వాత గ్లాసు నిలవలేదు. ఇది తల్లి నుంచి బిడ్డకి రావచ్చని డాక్టరు తలుపు బయట ఈ ఇద్దరికే చెప్పాడు. అమ్మడు అప్పటికి చంటిది. జబ్బు పేరు తెలిసేనాటికి అక్క ఇంకా నడుస్తోంది, వంట చేస్తోంది, పనిలో పాటలు కూడా పాడుకుంటోంది. తెలిసిన మర్నాటి నుంచి అన్నీ మానేసింది. కాళ్ళు పడిపోకముందే మంచమెక్కింది.

మామయ్య తుపాకీని పెట్టెలో పెట్టి మూత వేశాడు.

“అవునే, స్ప్రింగే. నా మతి మండిపోనూ. రెండ్రోజులు ఉంచి వెళ్ళు. రింగులూ స్ప్రింగూ అన్నీ మీ నాన్న నిర్వాకమే.”

“ఇంకెప్పుడూ నా తుపాకీ ముట్టుకోకు నాన్నా,” అంది అమ్మడు. విసవిసా వెళ్ళిపోయింది. తలుపు గడియ రెండు చేతులతో తీసింది.

బావ వంగి, నూనె డబ్బా పక్కనున్న డొప్ప ఏరాడు.

“ప్రాక్టీసయ్యాక దాని డొప్పలు ఇంత దూరాన ఏరేవాణ్ణి,” అన్నాడు. “రాన్రానూ దాని కాళ్ళ దగ్గరే దొరికాయి. అప్పుడు తెలిసింది.”

మామయ్య బల్ల మీది పొట్టి రింగులు చేతిలోకి తీసుకున్నాడు.

“ఏదేమైనా నీ పొరపాటే ఈసారికి కాపాడింది బావా. స్కోపు సరిగ్గా ఉండుంటే, లోపం దేంట్లో ఉందో పోటీలోనే దానికి తెలిసిపోయేది.”

బావ ఆ డొప్పని జేబులో వేసుకున్నాడు.

“తెలిసిన రోజునే కదరా, ఊరంతా తిరిగి ఆ పొట్టి రింగులు వెతికి తెచ్చింది.”