అంతోనయ్య వయసు

ఉదయం పదీ ఇరవైకి జూలూరుపాడు మండలంలో ఒక ఊరి చర్చిలో చావుగంట మోగింది. సంఘపెద్ద అంతోనయ్య ప్రభువునందు నిద్రించాడని మైకులో వచ్చింది. పదీ నలభైకి అంతోనయ్య చర్చి ఆఫీసులోకి నడిచి వచ్చాడు.

"ఏందిరా క్రాంతీ, నన్ను సంపినవ్?"

గంటనూ మైకునూ నడిపే ప్రోగ్రాం రాసింది క్రాంతికుమార్. పక్కన అతనితో పనిచేసే మహిమ ఉంది.

"నేనేం జెయ్యలే తాతా. నీ వయసెంత రాసుందో సూడమన్నవ్ గదా పొద్దుగాల. సూసిన, అంతే."

"సూస్తే సావాల్నా? నా బిడ్డ పినపాకల ఏడ్చుకుంట బస్సెక్కింది. నా వియ్యంకుడు షాలేమ్‌రాజు గొయ్యి తవ్వనీకె నలుగుర్ని పిలిచిండు. నేను ఎదురువోతె, 'మరి వీళ్లనేం జెయ్యాలె బావా' అన్నడు. ఈ కంప్యూటర్ పెట్టె ఇయ్యాల్నే తీసేపిస్త. కారేపల్లోళ్లకు గూడ వద్దని జెప్త."

కారేపల్లి చర్చి వాళ్లు ఆ మధ్యాహ్నమే ప్రోగ్రాం చూసి కొనడానికి వస్తున్నారు. క్రాంతికుమార్ ఉద్యోగం మానేసి దీని మీదే ఉన్నాడు.

మహిమ స్క్రీన్ తనవైపు తిప్పుకుంది.

"వయసు అడిగే ఈ కమాండ్‌కు గెట్ అని పేరు పెట్టినవ్. గెట్ అంటే ఉన్నది చూపెట్టాలె, అంతే. మార్చేదైతే సెట్ అని పెట్టాలె. నీ గెట్ వయసు చూపెట్టి, మనిషిని చచ్చినోళ్లల్ల కలిపి, గంట గూడ కొడుతుంది."

"చావు కబురుల వయసు చెప్పాలె గదా. రెండు పన్లు ఒక్కదాంట్లనే పెట్టిన. ఇన్నొద్దులు చచ్చినోళ్ల వయసే అడిగినం. అయినా పేరు ఏదైతే ఏంది?"

"పిల్లను చూసిపోతమని వచ్చినోళ్లు తాళి గట్టిపోతే ఊకుంటవా?"

అంతోనయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అంటే ఎవరి వయసు అడిగితే వాళ్ల సావుగంట కొడుతదా?"

"అవ్ తాతా. జల్దీ సరిజేస్త. పెట్టె మాత్రం తీసేపియ్యకు."

"తియ్యనులే. కారేపల్లోళ్లకు గూడ మంచిగనే జెప్త."

అంతోనయ్య కిటికీలోంచి చూశాడు. నలుగురు మనుషులు పారలు భుజాన వేసుకుని శ్మశానం నుంచి ఇళ్లకు పోతున్నారు.

"సరిజేసే ముందు ఒక్కటి సూడు. మా షాలేమ్‌రాజు వయసెంత?"

గంట మోగింది. మైకులో పేరు వచ్చింది. నలుగురూ మళ్లీ శ్మశానం దారి పట్టారు.