నలభై నాలుగు హార్స్‌పవర్

“మళ్ళీ నలభై నాలుగే!” రూప కంప్యూటర్ బల్లను అరచేత్తో చరిచింది.

ఇంజన్ శక్తిని కొలిచే డైనో యంత్రం రోలర్ల మీద పట్టీలతో బిగించి కట్టిన చిన్న స్పోర్ట్స్ కారు గుర్రుమంటూ నెమ్మదించింది. రెండే సీట్లు, అరవై ఏళ్ళ వయసు. స్టీరింగ్ ముందున్న ఆగయ్య నుదురు తుడుచుకుని కూతురి వైపు తిరిగాడు.

“సరిగ్గ చూసినవా బిడ్డా?”

“చూసిన బాపు. పొద్దుగాల్నుంచి గదే అంకె. నేనేం చేసినా గదే!”

కారు యజమాని శ్రీపాద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

“ఒంటిగంటకు దీన్ని తీసుకెళ్ళే లారీ వచ్చేస్తుందమ్మా. అక్కడ కోయంబత్తూరులో మా బావ నా ఫోన్ కోసం ఎదురుచూస్తున్నాడు. చక్రాల దగ్గర యాభై హార్స్‌పవర్ చూపిస్తేనే నీకు తన రేసింగ్ వర్క్‌షాపులో ఉద్యోగం అన్నాడు. నలభై నాలుగని ఏ ముఖంతో చెప్పను?”

“వస్తది సార్. ఇంకొక్క రన్ను.”

ఆ మాట అనడం ఆమెకిది ఏడోసారి.

రూప బానెట్ ఎత్తింది. కార్బ్యురేటర్‌లో జెట్ మార్చి చూసింది. స్పార్క్ రెండు డిగ్రీలు ముందుకు జరిపి చూసింది. ప్లగ్గులు విప్పితే వాటి కొసలు బిస్కెట్ రంగులో ఉన్నాయి, అలాగే ఉండాలి. కార్బ్యురేటర్ రేకును వేలితో తిప్పి చూసింది. పూర్తిగా తెరుచుకుంటోంది. పట్టీలు మరీ బిగిసి చక్రాలను ఆపుతున్నాయేమోనని వాటిని కూడా కాస్త వదులు చేసింది. ఎక్కడా ఏ తప్పూ దొరకలేదు. తప్పు దొరక్కపోయేసరికి ఆమెకు మరింత మండుకొచ్చింది.

“స్టార్ట్ చెయ్యి బాపు!”

ఇంజన్ అరిచింది. రోలర్లు ఊళ పెట్టాయి. గోడ అవతలి నుంచి నాగమణమ్మ గొంతు అంతకంటే పైకి లేచింది.

“ఓ రూపా! మీ లొల్లికి పొద్దుగాల మా బర్రె పాలు చేపనేలేదు. ఇగ బంద్ చెయ్యుండ్రి!”

రూప తెర మీద అంకె చూసి పళ్ళు కొరికింది. నలభై నాలుగున్నర.

“నా బండి గూడ చేపుతలేదు పెద్దమ్మా! ఏం చెయ్యమంటవ్?”

లీలమ్మ టీ గ్లాసులు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. శ్రీపాదకు ముందు ఇచ్చి, కూతురి దగ్గరికి నడిచింది.

“ఫికర్ చెయ్యకు బిడ్డా. నువ్వు పోతవ్. సూట్‌కేసుల ఉసిరికాయ తొక్కు గూడ పెట్టిన.”

“తొక్కు పెడితె అంకె వస్తదా అమ్మా?”

“నా బిడ్డ చేతి మీద నాకు మస్తు నమ్మకం. మీ బాపు కాలు మీదనే లేదు.” భర్త వైపు చూసింది. “ఏమయ్యా, తొక్కుతున్నవా, కాలు పెట్టి కునుకు తీస్తున్నవా?”

“ఇంకెంత తొక్కాలె? నేల పగిలి రోడ్డు మీద పడాల్నా?” ఆగయ్య కసిరాడు. “ఈ పాత బండ్ల పెడల్ గంతే. ఆడిదాక పోతది, ఆగుతది.”

శ్రీపాద లేచాడు. “పోనీలే అమ్మా. నువ్వు చేయగలిగిందంతా చేశావు. రాలేదని చెప్పేస్తాను.” జేబులోంచి ఫోన్ తీశాడు.

రూపకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని ఎవరూ చూడకముందే గ్రీజు చేత్తో తుడిచేసుకుంది.

“రెండు నిమిషాలు సార్. బాపు, దిగు. నేను కూసుంట.”

“మరి కంప్యూటరు? నాకు రాదు గద!”

“నేను చెయ్యి లేపంగనే గా పచ్చ బటన్ నొక్కు. గంతే.”

ఆమె సీట్లోకి దూరింది. మూడో గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కింది. పెడల్ కొంతదూరం వెళ్ళి టక్కున ఆగింది. మళ్ళీ తొక్కింది. రబ్బరు మ్యాట్ కింద ఏదో గట్టిగా తగులుతోంది. ఇంజన్ ఆపి, వంగి, మ్యాట్ ఎత్తింది.

అగ్గిపెట్టెంత మందాన చెక్కముక్క.

కొత్తగా కారు నేర్చుకునేవాళ్ళు వేగం పెంచకుండా ఆగయ్య పెడల్ కింద పెట్టే చెక్క అది. రూప నేర్చుకున్నప్పుడు ఆమెకూ పెట్టాడు.

ఆమె తల ఎత్తింది. ఆగయ్య పచ్చ బటన్ మీద వేలు ఆనించి అమాయకంగా ఇటే చూస్తున్నాడు. రూప చెక్కను జేబులో వేసుకుని, ఇంజన్ స్టార్ట్ చేసి, చెయ్యి పైకెత్తి, ఈసారి నేలకంటా తొక్కింది. షెడ్డు రేకులు అదిరిపోయాయి.

“యాభై రెండు!” శ్రీపాద గావుకేక పెట్టాడు. ఫోన్ చెవికి ఆనించుకుని బయటికి పరుగెత్తాడు. “బావా, యాభై రెండు! ఆఁ... సోమవారమే పంపిస్తాను!”

రూప కారు దిగి నేరుగా తండ్రి ముందుకొచ్చి నిలబడింది. చెక్కను బల్ల మీద పడేసింది.

“పోవద్దంటె నోటితోని చెప్పరాదా బాపు? పొద్దుగాల్నుంచి గిట్ల సతాయిస్తవా నన్ను?”

ఆగయ్య చెక్కను చూశాడు, కూతుర్ని చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది.

“చెక్క నాదే బిడ్డా. గని నీ మీద ఒట్టు, నేను పెట్టలే.”

ఖాళీ గ్లాసులు ఏరుకుంటున్న లీలమ్మ, తల ఎత్తకుండానే గొణిగింది.

“నేను ఇంకింత దొడ్డుది పెట్టేదుండె.”