బుద్ధి గల దూడ

రుద్రవరంలో పశువులకు సూదులు వేయడానికి వచ్చిన కాంపౌండరు రాజరత్నానికి ఆ పొద్దు ఏదీ కలిసిరాలేదు. ఒక కోడె తలతో కొట్టి కళ్లద్దాలు పగలగొట్టింది. ఇంకో ఆవు నెట్టిన నెట్టుకు పోయి పేడకుప్పలో కూర్చున్నాడు.

సాయంత్రానికి కుంటుకుంటూ మణెమ్మ కొట్టంలోకి వచ్చాడు. ఆమె పాలు పితుకుతోంది. మసకలో బర్రె తన దూడను నాకుతోంది.

"దూడకొద్దులే సార్," అంది మణెమ్మ.

"ఒక్కదాన్ని ఇడిసిపెట్టినా నా ఉద్యోగం పోతాదమ్మా!"

తన్నులకు సిద్ధమై, కళ్లు గట్టిగా మూసుకుని, దూడ తొడలో సూది దించాడు.

దూడ తన్నలేదు, అరవలేదు. తోకయినా ఆడించలేదు.

రాజరత్నానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఈ ఊర్లో బుద్ధుండేది దీనికొక్కదానికేమ్మా," అంటూ వంగి దూడ మెడను వాటేసుకున్నాడు. మెడ కింద చేతికేదో కుట్టు తగిలింది. అది పుటుక్కున తెగి, తోలులోంచి గుప్పెడు వరిగడ్డి బయటికొచ్చింది.

"మ్మో! ఇది సచ్చిపోయిన దూడ..." అని అరవబోయాడు.

మణెమ్మ చెంబు కింద పెట్టి, ఒక్క ఉదుటున లేచి, పాల తడి చేత్తో ఆయన నోరు మూసింది.

"మెల్లగా సార్. తల్లికింకా తెలీదు."