మళ్ళీ పిలిస్తే వద్దామని

ఆఖరి పాట కాగానే, పాడే వెర్నన్, డ్రమ్ములు వాయించే డెల్లా జనానికి చెయ్యూపి హాలు వెనక తలుపులోంచి బయటికొచ్చారు. జనం గోల చేస్తే కాసేపు బతిమాలించుకుని, మళ్ళీ వెళ్ళి ఇంకో పాట వాయించడం వాళ్ళకి అలవాటు. అమెరికాలో సొంత రాష్ట్రం కెంటకీలో అయినా, ఈ నార్వేలో అయినా అంతే.

తలుపు దానంతటదే మూసుకుపోయింది. బయట మోకాళ్ళ లోతు మంచు. లోపల జనం “ఇంకొకటి! ఇంకొకటి!” అని నేల దద్దరిల్లేలా కాళ్ళు దంచుతున్నారు.

“ఇది బయటినుంచి తెరుచుకోదే తల్లీ!” అన్నాడు వెర్నన్.

“ఉన్నికోట్లు లోపలే ఉన్నాయి. బతిమాలించుకోవాలన్న సరదా ఎవరిదో?” అంది డెల్లా, పళ్ళు టకటకలాడుతుంటే.

ఆమె వెనక జేబులోంచి డ్రమ్ము పుల్లలు తీసి తలుపు బాదింది. జనం ఠక్కున ఆగి, ఆ దెబ్బలకి సరిగ్గా చప్పట్లు కలిపారు.

“పాటనుకుంటున్నారు! ఆపు!”

“ఆపితే ఇళ్ళకి పోతారు. మనం ఇక్కడే గడ్డకడతాం.”

నా పాట మింగేస్తున్నావు, మెల్లగా కొట్టు అని ఆమెని ఏళ్ళుగా సాధిస్తున్న వెర్నన్, చేతులు చంకల్లో దూర్చుకున్నాడు.

“అయితే గట్టిగా కొట్టవే! ఇంకా గట్టిగా!” అని, తనూ “తలుపు తియ్యండి బాబో!” అని గొంతు చించుకున్నాడు.

చివరికి హాలు చూసుకునే ముసలావిడ గుడ్రున్ తలుపు తీసింది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు.

“ఇవాళంతటికీ ఇదే అసలైన పాటమ్మా!” అని డెల్లా చేతులు పట్టుకుంది. తర్వాత వెర్నన్‌కేసి చూసి గొంతు తగ్గించింది.

“ఇతన్ని మాత్రం కాస్త మెల్లగా అరవమను. పాటని మింగేస్తున్నాడు.”