తెగిన దండ

తల్లి గురమ్మ కడుతున్న కనకాంబరాల దండను భూపేష్ తన చేతిలోకి తీసుకున్నాడు. వంటింటి గుమ్మంలో మధులత బొమ్మలా నిలబడి ఉంది. ఆమె బట్టల సంచి అప్పటికే వాకిట్లోకి చేరింది. కోడలు ఆత్మకూరు బస్సెక్కాలి, పిల్లవాడు మాత్రం ఇక్కడే ఉండాలి. ఇదీ గురమ్మ మాట.

మూడేళ్ల వంశీకి పుట్టువెంట్రుకలు తీయించి, అదే చేత్తో చెవులు కుట్టించారు. కుట్టిన చోట రక్తం ఒక పట్టాన ఆగలేదు. కర్నూలు ఆసుపత్రికి పరిగెత్తి సూదిమందు వేయిస్తే గానీ ఆగలేదు. రక్తం గడ్డకట్టని జబ్బు, పుట్టుకతోనే వచ్చిందన్నారు డాక్టర్లు. తల్లిదండ్రుల రక్తం కూడా పరీక్షకు తీసుకున్నారు. ఆనాటి నుంచి గురమ్మ నోటికి అడ్డూ అదుపూ లేదు. మధులత మేనమామ ఒకడు పసితనంలోనే పోయాడని ఎవరో అత్త చెవిన వేశారు. ఇంకేముంది, పాడు రక్తమంతా కోడలి పుట్టింటిదేనని తేల్చేసింది. బిడ్డను వదిలి పొమ్మనేసరికి మధులతకు ప్రాణం పోయినంత పనైంది.

కల్లూరులో ఆ ఇంటి ముందుగదిలోనే ఇంటర్ పిల్లలకు జువాలజీ ట్యూషన్ చెబుతాడు భూపేష్. ఆ రోజు తల్లికే పాఠం మొదలుపెట్టాడు. ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ అనే పెద్ద రాత ఉంటుందన్నాడు. అది తన గది గడప దాటదు. అందుకే కావలసిన ముక్కకు ఆర్‌ఎన్‌ఏ అని ఒక నకలు తయారై బయటికి వస్తుంది. ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ, ప్రతి మూడింటికీ ఒక అమైనో ఆమ్లాన్ని తెచ్చి, పువ్వు పక్కన పువ్వు కట్టినట్టు కలుపుకుంటూ పోతే ప్రొటీన్ అవుతుంది. రక్తాన్ని గడ్డకట్టించేదీ అలాంటి దండేనన్నాడు.

"ఆ మూడక్షరాల్లో ఒక్కటి మారినా, ఒక్కోసారి అది ఇంక ఆపమనే గుర్తయిపోతాదిమా. అప్పుడు దండ ఈడికే తెగిపోతాది," అంటూ దారాన్ని పుటుక్కున తెంపాడు.

గురమ్మ రాలిన పూల వైపు చూసింది.

"ఆ తప్పు యాడిదప్పా? దాని పుట్టింటిదే కదా?"

"కాదుమా. పొద్దున ఆసుపత్రికి పోయి కనుక్కొనొచ్చినా. ఆ తప్పు నాలో ఉండాది. నా నుంచే వానికి పోయింది."

"చింతచెట్టు మీద నుంచి పడి తల పగిలితే, నీకు గుడ్డ కట్టేలోపే రక్తం ఆగిపోయె కదరా."

"కొందరిలో బయటపడదు. లోపల దాక్కొని ఉంటాది," అన్నాడు నేల చూపులు చూస్తూ.

గురమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. తన కడుపులోంచే వచ్చిందా ఈ పాపం అని కుమిలిపోయింది. తర్వాత లేచి, వాకిట్లోని సంచిని తానే లోపలికి తెచ్చిపెట్టింది.

మధులతకు గుండె మీది బండ దిగినట్టయింది. ఆ వెనకే కోపం తన్నుకొచ్చింది. పడిన మాటలన్నీ మొగుడి మీదికి మళ్లాయి.

"నీ రక్తంలో పెట్టుకొని నన్ను ఇన్ని మాటలు పడనిచ్చినావు. నా బిడ్డకు నువ్వే తెచ్చిపెట్టినావు," అంది వంశీని ఒళ్లోకి లాక్కుంటూ.

అవును, నాదే తప్పన్నాడు భూపేష్. ఆనాటి నుంచి ఆమె అతనికి అన్నం పెట్టేది గానీ ముఖం చూసేది కాదు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక సాయంత్రం మధులత టీ గ్లాసు పట్టుకుని ముందుగది తలుపు దాకా వచ్చింది. లోపల బోర్డు మీద అదే పాఠం. రక్తం గడ్డకట్టని జబ్బు మగపిల్లలకు తండ్రి నుంచి వస్తుందా, తల్లి నుంచా అని జెస్సీ అనే అమ్మాయి అడుగుతోంది. భూపేష్ చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. తలుపు వెనక ఎవరున్నారో అతను చూడలేదు. ఎంతైనా పిల్లలకు పాఠం తప్పు చెప్పే మనిషి కాదు.

"తండ్రి నుంచి కొడుక్కి రాదమ్మా," అన్నాడు.