తిరగని మీటర్లు

మెట్ల కింద ఉన్న చిన్న గది తలుపు తీసి, ఓ పెద్దాయన తల లోపలికి దూర్చాడు.

అది కరెంటు మీటర్ల గది. అందులో చూడ్డానికేముందో మెట్ల మీద నిలబడ్డ టైలర్‌కి అర్థం కాలేదు.

ముప్పై ఫ్లాట్ల ఆ అపార్ట్‌మెంట్‌లో వాటాలు కొందామని వచ్చినవాళ్లంతా పైన నమూనా ఫ్లాట్‌లో సోఫాల్లో కూరుకుపోయి జ్యూసు తాగుతున్నారు. టైలర్ కూడా అందుకే వచ్చాడు కానీ, మోకాళ్లు పట్టేసి మూడో మెట్టు మీదే ఆగిపోయాడు.

ముప్పై ఏళ్లు మిషన్ తొక్కి కూడబెట్టిందంతా ఇందులో పెట్టేస్తే, ఇక నెలనెలా అద్దెలో వాటా తీసుకుంటూ కాళ్లు చాపుకోవచ్చని అతని ఆశ. ఈమధ్య సూదిలో దారం ఎక్కించడానికి కూడా భార్యే దిక్కవుతోంది మరి.

"అన్నగారూ, ఒక్క నిమిషం," అన్నాడు పెద్దాయన, చేతుల దుమ్ము దులుపుకుంటూ.

టైలర్ ఎవరినైనా ముఖం కంటే ముందు చొక్కా చూస్తాడు. పెద్దాయన చొక్కాకి మూడో గుండీ వేరే రంగు. కాలరు ఓ పక్కకి వాలిపోయింది. ఇలాంటి చొక్కా తొడుక్కున్నవాడి మాటకి విలువేముంటుందని అక్కడికక్కడే తేల్చేసుకున్నాడు.

"ముప్పై మీటర్లుంటే పన్నెండే తిరుగుతున్నాయి," అన్నాడు పెద్దాయన.

"అయితే?"

"పన్నెండు ఇళ్లలోనే మనుషులున్నారు. పైన మాత్రం అన్నీ నిండాయని చెప్తున్నారు."

"మిగతావాళ్లు ఊళ్లకెళ్లుంటారు."

"పద్దెనిమిది కుటుంబాలు ఒకేసారా? ఊరెళ్లినా ఫ్రిజ్ నడుస్తుంది కదండీ."

తన మాట తిప్పికొట్టేసరికి టైలర్‌కి కోపం వచ్చింది. ఆ కోపంలో మోకాళ్ల నొప్పి మర్చిపోయి పైకెక్కేశాడు.

పైన సేల్స్ మేనేజరు మాట్లాడుతున్నాడు. ఏం కోటు అది. భుజాల దగ్గర ఒక్క ముడత లేదు. జేబు మీది చారలు కోటు చారలతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. అంత పద్ధతైన కోటు వేసుకున్న మనిషి అబద్ధమాడతాడంటే టైలర్ చచ్చినా నమ్మడు.

"అద్దెలు వసూలు చేయడం, కుళాయిలు బాగుచేయించడం, అన్నీ మావాళ్లే చూసుకుంటారు. మీరు వాటా కొనుక్కుని హాయిగా పడుకోండి బాబాయ్‌గారూ," అన్నాడు మేనేజరు.

పడుకోవడమనే మాట టైలర్‌కి బాగా నచ్చింది.

"మీ యజమానిగారు ఇందులో సొంతంగా ఎంత పెట్టారు?" వెనక నుంచి పెద్దాయన అడిగాడు.

"ఆయన తన పేరే పెట్టారండీ."

"పేరు గేటు మీద చూశాను. నేనడిగేది డబ్బు గురించి."

మేనేజరు మంచినీళ్లు తాగాడు. తర్వాత స్విమ్మింగ్ పూల్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

పెద్దాయన వచ్చి టైలర్ పక్కనే కూర్చున్నాడు.

"అంతగా మనసైతే పావు వంతు పెట్టండి. మిగతాది చేతిలో ఉంచుకోండి," అని గొంతు తగ్గించి చెప్పాడు. "మరమ్మతులొస్తే మళ్లీ మనల్నే కట్టమంటారు. ఒప్పంద పత్రం తొమ్మిదో పేజీలో రాసే ఉంది."

గదిలో ఇరవైమంది ఉండగా ఈయన తన వెంటే ఎందుకు పడ్డాడా అని టైలర్ ఆలోచించాడు. చప్పున బుర్ర వెలిగింది. అందరినీ బెదరగొట్టి, ధర పడిపోయాక వాటాలన్నీ తనే కొట్టేద్దామని ఎత్తు వేశాడన్నమాట.

టైలర్ లేచి నిలబడ్డాడు.

"మేనేజరుగారూ, ఈయనెవరో కింద మీటర్లు లెక్కపెట్టుకొచ్చి, ఇక్కడ లేనిపోనివన్నీ నూరిపోస్తున్నారు."

అంతకంటే ఏం కావాలి మేనేజరుకి? వాచ్‌మన్ వచ్చి పెద్దాయన మోచెయ్యి పట్టుకున్నాడు.

పెద్దాయన గొడవ పడలేదు. గుమ్మం దగ్గర మాత్రం వెనక్కి తిరిగాడు.

"ఇవాళే సంతకం పెట్టకండి అన్నగారూ. రేపటికి ఈ బిల్డింగు ఎక్కడికీ లేచిపోదు."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది టైలరే. మొదటి సంతకం పెట్టిందీ అతనే. దాచిందంతా పెట్టేశాడు.

మొదటి నెల అద్దె రాలేదు. రెండో నెలా రాలేదు. మూడో నెల ఉత్తరం వచ్చింది.

పద్దెనిమిది ఫ్లాట్లు ఖాళీగా ఉన్నందున అద్దె పంచలేకపోతున్నామనీ, లిఫ్టు మరమ్మతుకి ప్రతి వాటాదారూ మరికొంత కట్టాలనీ అందులో ఉంది. సందేహముంటే తొమ్మిదో పేజీ చూసుకోమని కూడా మర్యాదగా రాశారు.

టైలర్ ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి, మిషన్ మీద కప్పిన గుడ్డ తీశాడు. భార్య సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది.

"ఆ రోజు ఓ పెద్దాయన అన్నీ విడమరిచి చెప్పాడే. నేనే గెంటించాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను," అన్నాడు. "ఎక్కడుంటాడో తెలిస్తే వెళ్లి కాళ్లు పట్టుకుందును."

"పక్కవీధిలోనే ఉంటారు. రిటైరైన ఇంజనీరు."

టైలర్ మిషన్ ఆపేశాడు.

"నీకు తెలుసా? మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"సంతకం పెట్టొచ్చి ఆ రోజు ఎన్నాళ్లకో ఒళ్లు మరిచి నిద్రపోయారు. అయిపోయిందానికి లేపి ఏడిపించబుద్ధి కాలేదు."

"అసలాయన నీకెలా తెలుసు?"

భార్య కత్తిరించిన గుడ్డముక్కలు ఒక్కొక్కటే ఏరుతూ, తలెత్తకుండా అంది.

"నేను చెప్తే ఎటూ వినరు, పరాయివాళ్లు చెప్తే వింటారేమోనని, గుండీలు కుట్టి దాచుకున్న డబ్బు ఫీజుగా ఇచ్చి, ఆయన్ని మీ కోసం పంపింది నేనేనండీ."